అంకె వెనుక బోర్డు: డెస్క్‌టాప్ మదర్‌బోర్డు పర్యవేక్షణ, ట్యూనింగ్ సాఫ్ట్‌వేర్ల సమీక్ష

డెస్క్‌టాప్ కంప్యూటర్ మదర్‌బోర్డు మీది ఉష్ణోగ్రతలనూ ఓల్టేజిలనూ ఫ్యాన్ల వేగాన్నీ తెర మీద చూపే సాఫ్ట్‌వేర్లు, ప్రాసెసర్ వేగాన్నీ దానికందే ఓల్టేజినీ మార్చుకునే వీలు కల్పించే సాఫ్ట్‌వేర్లు సుమారు మూడు దశాబ్దాలుగా వాడుకలో ఉన్నాయి. మొదటి రకాన్ని పర్యవేక్షణ ఉపకరణాలనీ, రెండో రకాన్ని ట్యూనింగ్ ఉపకరణాలనీ విడదీసి చెప్పడం ఆనవాయితీ అయింది. చూడటంలో ప్రమాదమేమీ లేదనీ, చెయ్యి పెట్టి మార్చినప్పుడే జాగ్రత్త అవసరమనీ వాడేవారిలో స్థిరపడిన నమ్మకం. నిశితంగా పరిశీలిస్తే ఈ విభజన రెండు చోట్ల నిలవదు. చూడటానికి కావలసిన అధికారమే మార్చటానికీ సరిపోతుంది కాబట్టి రెండు పనులకూ తలుపు ఒకటే. ఇక తెర మీద కనిపించే అంకె బోర్డు నేరుగా చెప్పిన మాట కాదు; బోర్డు ఇచ్చిన ముడి సంఖ్యకు ప్రోగ్రాము రాసినవారు చెప్పిన భాష్యం. ఈ భాష్యం ఎంతవరకు నమ్మదగినది, ఆ తలుపును ఎవరికి తెరవవచ్చు అనే రెండు ప్రశ్నలు ఈ రంగం చరిత్ర పొడుగునా కలిసే నడిచాయి.

1990ల నడుమ వరకు తన ఒంటి వేడిని తానే కొలుచుకునే ఏర్పాటు మామూలు మదర్‌బోర్డుల్లో ఉండేది కాదు. నేషనల్ సెమీకండక్టర్ సంస్థ తెచ్చిన ఎల్ఎం78 చిప్ ఒక ఉష్ణోగ్రతనూ ఏడు ఓల్టేజిలనూ మూడు ఫ్యాన్ల వేగాన్నీ ఒక్కచోటే కొలవగలిగేది. ఆ తరువాత ఇదే పని కీబోర్డు, సీరియల్ పోర్టు వంటి నిదాన పరికరాలను చూసుకునే సూపర్ ఐఓ అనే చిప్‌లోకి చేరిపోయింది. విన్‌బాండ్, దాని నుంచి విడివడిన నువోటన్, ఐటీఈ వంటి తైవాన్ సంస్థల చిప్‌లే నేటికీ అధిక భాగం బోర్డుల మీద కనిపిస్తాయి. వీటిని చదవడానికి వచ్చిన తొలితరం ప్రోగ్రాముల్లో మదర్‌బోర్డ్ మానిటర్ పేరెన్నిక గన్నది. ఉచితంగా దొరికిన ఆ ప్రోగ్రాము అభివృద్ధి 2004లో ఆగిపోయింది. స్పీడ్‌ఫ్యాన్ చదవడంతో ఆగక ఫ్యాన్ల వేగాన్ని వేడిని బట్టి తగ్గించి పెంచే పని కూడా చేపట్టింది. లినక్స్ వైపు ఎల్ఎం-సెన్సర్స్ పథకం ఇంచుమించు అదే కాలంలో మొదలై, నేటికీ కొనసాగుతోంది. విండోస్‌లో ప్రస్తుతం హెచ్‌డబ్ల్యూఇన్ఫో, ఐడా64, ఫ్రాన్సుకు చెందిన సీపీయూఐడీ వారి హెచ్‌డబ్ల్యూమానిటర్, బహిరంగ మూలంతో వెలువడే లిబ్రే హార్డ్‌వేర్ మానిటర్ ముఖ్యమైనవి.

ట్యూనింగ్ చరిత్ర ఇంకొక దారిన వచ్చింది. మొదట్లో బోర్డు మీది జంపర్లను, అంటే రెండు పిన్నులను కలిపే చిన్న ప్లాస్టిక్ టోపీలను, చేత్తో మార్చి ప్రాసెసర్ వేగాన్ని నిర్ణయించేవారు. ఆబిట్ సంస్థ సాఫ్ట్‌మెనూ పేరుతో ఆ పనిని బయోస్ తెర మీదకు తెచ్చింది. 1998లో ఇంటెల్ విడుదల చేసిన సెలెరాన్ 300ఏ ప్రాసెసర్‌ను, బస్ వేగం 66 నుంచి 100 మెగాహెర్ట్జ్‌కు పెంచి 450 మెగాహెర్ట్జ్ దగ్గర చాలామంది నడిపించగలగడంతో ఓవర్‌క్లాకింగ్, అంటే నిర్దేశిత వేగాన్ని మించి నడపడం, కొద్దిమంది ముచ్చట స్థాయి నుంచి బోర్డు తయారీదారుల ప్రకటనల స్థాయికి ఎదిగింది. సాఫ్ట్‌ఎఫ్‌ఎస్‌బీ వంటి ప్రోగ్రాములు కంప్యూటర్ నడుస్తుండగానే బోర్డు మీది గడియార చిప్‌కు ఎస్ఎంబస్ ద్వారా ఆదేశం పంపి బస్ వేగాన్ని మార్చేవి. ఎస్ఎంబస్ అంటే బోర్డు మీది చిన్న చిప్‌లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే రెండు తీగల మార్గం. దీని ప్రస్తావన మళ్లీ వస్తుంది.

అంకె ఎలా పుడుతుందో తెలియాలంటే 12 ఓల్టుల రీడింగును దగ్గరగా చూడాలి. ఎస్ఎంపీఎస్ నుంచి వచ్చే ఈ సరఫరా నేరుగా సూపర్ ఐఓ చిప్‌లోకి వెళ్లదు. నువోటన్ చిప్‌ల ఇన్‌పుట్ సుమారు 2 ఓల్టుల వరకే కొలవగలదు కనుక, బోర్డు రూపకర్తలు రెండు రెసిస్టర్లు పెట్టి ఆ ఓల్టేజిని పన్నెండో వంతుకో మరో నిష్పత్తికో తగ్గించి పంపుతారు. చిప్ దాన్ని 0 నుంచి 255 వరకు గల ఒక అంకెగా మారుస్తుంది. ఒక్కొక్క మెట్టు విలువ 8 మిల్లీఓల్టులు. చిప్ 126 అని చెబితే ప్రోగ్రాము దాన్ని 8 మిల్లీఓల్టులతోనూ, ఆపైన 12తోనూ హెచ్చవేసి 12.096 ఓల్టులని చూపుతుంది. దానికి కింది మెట్టు 12.000, పై మెట్టు 12.192, ఈ మధ్య విలువలేవీ తెర మీదకు రావడానికి ఆస్కారమే లేదు. మూడు దశాంశ స్థానాలు చూసి కొలత అంత సూక్ష్మంగా జరిగిందనుకుంటే పొరపాటు. అసలు మెట్టు ఓల్టులో దాదాపు పదో వంతు, రెసిస్టర్ల విలువల్లోని తేడా దానికి అదనం. ఏటీఎక్స్ ప్రమాణం ఈ సరఫరాకు సంప్రదాయంగా అటూ ఇటూ 5% సడలింపు ఇస్తూ వచ్చింది, అంటే 11.4 నుంచి 12.6 వరకు అనుమతమే. ఆ హద్దుల మధ్య అంకె ఒక మెట్టు కిందికి జారిందని ఆందోళన చెందనక్కరలేదు.

ఇంతకన్నా పెద్ద చిక్కు ఆ 12 అనే గుణకంలో ఉంది. ఏ బోర్డులో ఏ ఇన్‌పుట్‌కు ఏ రెసిస్టర్లు పెట్టారో చిప్‌కు తెలియదు. బోర్డు తయారీదారుకు తెలుసు, కానీ ఆ వివరం సాధారణంగా ప్రచురించరు. ప్రోగ్రాము రచయితలు బయోస్ తెర మీది అంకెలతో పోల్చి, వాడుకరులు పంపిన నివేదికలు చూసి, బోర్డు బోర్డుకూ ఒక పట్టిక కూర్చుకుంటారు. ఆ పట్టికలో లేని కొత్త బోర్డు ఎదురైతే 12 ఓల్టుల సరఫరా 8 ఓల్టులుగా కనిపించవచ్చు. నిజంగా అంత పడిపోతే యంత్రం నడిచేదే కాదన్న సంగతి తట్టక, బాగున్న ఎస్ఎంపీఎస్‌ను పారేసి కొత్తది కొనేవారు లేకపోలేదు. తీగ కలపని ఉష్ణోగ్రత ఇన్‌పుట్ 127 డిగ్రీలు చూపడం కూడా ఈ కోవలోదే: గుర్తుతో కూడిన 8 బిట్ల సంఖ్యలో అత్యధిక విలువ 127 కాబట్టి, గాలిలో వేలాడే పిన్ను ఆ చివరికి వెళ్లి కూర్చుంటుంది. ఒకే యంత్రం మీద రెండు ప్రోగ్రాములు రెండు రకాల అంకెలు చూపితే, తేడా పట్టికల్లో ఉందని ముందుగా అనుమానించడం సబబు. ఈ పట్టికల ఓపికే హెచ్‌డబ్ల్యూఇన్ఫో వంటివాటిని మిగతావాటి కన్నా ఒక మెట్టు పైన నిలబెట్టింది. తెర అందం, గ్రాఫుల సొగసు ఆ తరువాతి మాట.

ఫ్యాను వేగం సంగతి కూడా అంతే. ఎల్ఎం78 తరం చిప్‌లు ఫ్యాను పంపే స్పందనల మధ్య గడియారపు టిక్కులను లెక్కించి, 13,50,000ను ఆ లెక్కతోనూ ఒక విభాజకంతోనూ భాగిస్తే నిమిషానికి ఎన్ని చుట్లో తెలిసేలా పనిచేసేవి. లెక్క 255 దాటలేదు కాబట్టి విభాజకం 2గా ఉన్నప్పుడు సుమారు 2,650 చుట్ల కన్నా నిదానంగా తిరిగే ఫ్యాను తెర మీద సున్నాగా కనిపించేది. ఫ్యాను చక్కగా తిరుగుతుంటుంది, ప్రోగ్రాము మాత్రం ఆగిపోయిందని మోత మోగిస్తుంది. తరువాతి చిప్‌లలో లెక్కకు ఎక్కువ బిట్లు కేటాయించడంతో ఈ బాధ తప్పింది.

ప్రాసెసర్ లోపలి సెన్సర్ల విషయంలో భాష్యం ఇంకా జటిలమైంది. ఇంటెల్ కోర్ ప్రాసెసర్ల సెన్సర్ ఉష్ణోగ్రతను చెప్పదు. గరిష్ఠ హద్దుకు ఇంకా ఎన్ని డిగ్రీల దూరం ఉందో చెబుతుంది. టీజేమ్యాక్స్ అనే ఆ హద్దు ఎంతో తెలిస్తేనే తీసివేత చేసి ఉష్ణోగ్రత చూపగలరు. కోర్ 2 తరంలో ఆ విలువను ఇంటెల్ 2008లో వెల్లడించేదాకా ప్రోగ్రాములు తలా ఒక ఊహ చేసుకున్నాయి. ఒకే ప్రాసెసర్ ఒక ప్రోగ్రాములో 10 డిగ్రీలు చల్లగా, మరో దానిలో వేడిగా కనిపించేది. 2017లో వచ్చిన ఏఎండీ రైజెన్ 7 1800ఎక్స్‌లో సంస్థే కావాలని అసలు వేడికి 20 డిగ్రీలు కలిపి చెప్పించింది. అన్ని మోడళ్లకూ ఒకే ఫ్యాను విధానం వర్తించాలన్నది ఉద్దేశమైనా, ఆ సంగతి తెలియని ప్రోగ్రాములు ఖాళీగా ఉన్న ప్రాసెసర్‌ను కాగిపోతున్నట్టు చూపించాయి.

కొలిచే చేయి కొలతను చెడగొట్టడం కూడా ఇక్కడ నిత్యానుభవమే. రైజెన్ 3000 ప్రాసెసర్లు 2019 జూలైలో మార్కెట్లోకి వచ్చినప్పుడు, పనేమీ లేకున్నా ఓల్టేజి దిగడం లేదని వాడుకరులు పెద్ద ఎత్తున ఫిర్యాదు చేశారు. ప్రతి కోర్‌నూ తట్టి లేపి వివరం అడిగే పర్యవేక్షణ ప్రోగ్రాములే ఆ కోర్లను నిద్రపోనివ్వడం లేదని ఏఎండీ వివరణ ఇచ్చింది. నిద్రలో ఉన్నవాణ్ణి లేపి నిద్రపోయావా అని అడిగినట్టన్నమాట. ఆ తరువాత ప్రోగ్రాములు తేలికగా చదివే పద్ధతులు తెచ్చుకున్నాయి. కోర్ నిజంగా పనిచేసిన వ్యవధిని లెక్కలోకి తీసుకుని సగటు వేగం చెప్పే కొలమానం కూడా వచ్చింది. సెకనుకొకసారి చూసే ప్రోగ్రాము మిల్లీసెకన్లలో వచ్చిపోయే ఓల్టేజి శిఖరాలను పట్టుకోలేదన్న పరిమితి మాత్రం అలాగే ఉంది.

బోర్డు తయారీదారుకే నిజం చెప్పే ఉద్దేశం లేకపోతే ఏ ప్రోగ్రామైనా ఏం చేయగలదన్న ప్రశ్న 2020లో గట్టిగా లేచింది. రైజెన్ ప్రాసెసర్ తాను తాగే విద్యుత్తును స్వయంగా కొలుచుకోదు. బోర్డు మీది ఓల్టేజి నియంత్రకం పంపే సమాచారం మీద ఆధారపడి లెక్క కట్టుకుంటుంది. కొన్ని బోర్డులు ఈ సమాచారాన్ని కావాలని తగ్గించి పంపుతున్నాయనీ, ప్రాసెసర్ తాను హద్దులోనే ఉన్నాననుకుని అంతకు మించి లాగుతోందనీ, దానివల్ల పనితీరు పరీక్షల్లో ఆ బోర్డులు ఒక మెట్టు ముందుంటున్నాయనీ హెచ్‌డబ్ల్యూఇన్ఫో రూపకర్త ఆ ఏడాది జూన్‌లో వెల్లడించి, ఆ వంచనను శాతంలో చూపే ఒక కొత్త కొలతను తన ప్రోగ్రాములో చేర్చారు. ప్రాసెసర్ పూర్తి భారంతో పనిచేస్తున్నప్పుడు ఆ కొలత 100% దరిదాపుల్లో ఉంటే బోర్డు నిజాయితీగా ఉన్నట్టు. బాగా దిగువన ఉంటే తూకంలో మోసం జరుగుతున్నట్టు. ఖాళీగా ఉన్నప్పటి శాతానికి అర్థం లేదని ఆయన స్పష్టంగానే చెప్పినా, చాలామంది అదే చూసి తమ బోర్డును తిట్టుకున్నారు. పర్యవేక్షణ సాఫ్ట్‌వేర్ వినియోగదారు పక్షాన నిలిచి తయారీదారును నిలదీసిన అరుదైన సందర్భంగా దీన్ని చెప్పుకోవాలి.

చూడటం నిరపాయకరమన్న నమ్మకాన్ని పడగొట్టిన ఉదంతం అంతకు చాలాకాలం ముందే జరిగింది. లినక్స్ ఎల్ఎం-సెన్సర్స్ తొలి రోజుల్లో, ఎస్ఎంబస్ మీద ఏయే చిప్‌లు ఉన్నాయో వెతికే క్రమంలో ఐబీఎం థింక్‌ప్యాడ్ ల్యాప్‌టాప్‌లలో కొన్ని మోడళ్ల స్మృతి చిప్ చెడిపోయి యంత్రాలు మళ్లీ లేవలేదు. ఒక చిప్‌కు చదువు అన్న సంకేతం ఇంకొక చిప్‌కు రాయి అని వినిపించడమే కారణం. అప్పటి నుంచి ఐబీఎం యంత్రాన్ని గుర్తిస్తే వెతుకులాటనే మానేసే జాగ్రత్త లినక్స్‌లో ఎస్ఎంబస్‌ను నడిపే డ్రైవర్‌లో చేరింది. డెస్క్‌టాప్‌లలో ప్రమాదం మరో రూపంలో ఉంటుంది. సూపర్ ఐఓను చదవడానికి ముందు ఒక పోర్టులో గది నెంబరు రాసి, తరువాత రెండో పోర్టు నుంచి ఆ గదిలోని విలువ తీసుకోవాలి. ఒక ప్రోగ్రాము నెంబరు చెప్పి విలువ అందుకునేలోపు ఇంకొక ప్రోగ్రాము వేరే నెంబరు చెబితే మొదటిది పొరుగు గదిలోని విలువను తనదనుకుంటుంది. రాసే పనైతే తప్పు గదిలో రాస్తుంది. ఫ్యాను ఒక్క క్షణం ఆగినట్టో ఉష్ణోగ్రత ఒక్కసారిగా ఆకాశానికంటినట్టో కనిపించే వింతల్లో చాలా భాగం దీని చలవే. స్వతంత్ర రచయితలు తమలో తాము ఒప్పందానికి వచ్చి, ఒకే పేరు గల తాళాన్ని వంతులవారీగా వాడుకునే పద్ధతి పెట్టుకున్నారు. ఆ తాళాన్ని పట్టించుకోని ప్రోగ్రాము ఒక్కటి చాలు, ఏర్పాటంతా చెడటానికి. ఒక యంత్రం మీద ఒకసారి ఒకే పర్యవేక్షణ ప్రోగ్రాము నడపాలనే నియమానికి ఆధారం ఇదే.

అసలు తలుపు విషయానికొస్తే, విండోస్‌లో మామూలు ప్రోగ్రాముకు ఈ పోర్టులను తాకే హక్కు లేదు. ఆపరేటింగ్ సిస్టం గుండెకాయ అయిన కెర్నల్ లోపల పనిచేసే ఒక డ్రైవర్ కావాలి. ఈ డ్రైవర్లను చాలాకాలం పాటు ఎవరడిగితే వారికి ఏ పోర్టునైనా, ఏ స్మృతి చిరునామానైనా అప్పగించేలా రాశారు. గిగాబైట్ ఉపకరణాల డ్రైవర్‌లోని లోపాలు 2018లో బయటపడ్డాయి. రాబిన్‌హుడ్ అనే డబ్బు గుంజే వైరస్ ముఠా విండోస్ నమ్మే డిజిటల్ సంతకమున్న ఆ డ్రైవర్‌ను బాధితుల యంత్రాల్లోకి తామే తెచ్చుకుని, దాని సాయంతో యాంటీవైరస్‌లను చంపేస్తోందని 2020లో సోఫోస్ సంస్థ వెల్లడించింది. బాధితుడి దగ్గర గిగాబైట్ బోర్డు ఉండనక్కరలేదన్నది గమనించాలి. గ్రాఫిక్స్ కార్డుల ట్యూనింగ్‌కు పేరుపొందిన ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ డ్రైవర్‌ను 2022లో బ్లాక్‌బైట్ ముఠా ఇదే పద్ధతిలో వాడుకుంది. 2019లో ఎక్లిప్సియం అనే భద్రతా సంస్థ పరిశోధకులు 20 సంస్థలకు చెందిన 40కి పైగా డ్రైవర్లలో ఇటువంటి బలహీనతలున్నాయని ప్రకటించారు. లోపం ఏదో ఒక సంస్థ అజాగ్రత్తది కాదనీ, ఈ రకం సాఫ్ట్‌వేర్ పుట్టుకలోనే ఉందనీ దీన్నిబట్టి అర్థమవుతుంది.

స్వతంత్ర ప్రోగ్రాములూ దీనికి అతీతం కాదు. ఓపెన్ హార్డ్‌వేర్ మానిటర్, దాని వారసుడైన లిబ్రే హార్డ్‌వేర్ మానిటర్, ఫ్యాన్ కంట్రోల్ వంటివన్నీ విన్‌రింగ్0 అనే పాత ఉచిత డ్రైవర్ మీద ఆధారపడ్డాయి. 2025 మార్చిలో మైక్రోసాఫ్ట్ డిఫెండర్ ఆ డ్రైవర్‌ను హానికర సాధనంగా గుర్తించడం మొదలుపెట్టగానే, వేసవి ముంగిట ఎందరో వాడుకరుల ఫ్యాన్ నియంత్రణ ఉన్నట్టుండి ఆగిపోయింది. కొత్త డ్రైవర్‌కు సంతకం సంపాదించడం, దానికయ్యే ఖర్చు భరించడం తీరిక వేళల్లో పనిచేసే రచయితకు మించిన పని. దీనికి బదులుగా ముందుకొచ్చిన పాన్‌ఐఓ, అడిగిన ప్రతి పోర్టునూ అప్పగించకుండా, సంతకం చేసిన చిన్న చిన్న మాడ్యూళ్లు అనుమతించిన పనులనే చేయనిస్తుంది. ఈ రంగంలో చాలా ఏళ్ల తరువాత వచ్చిన మేలైన ఆలోచన ఇది.

తయారీదారుల సొంత ఉపకరణాలైన ఆసూస్ ఆర్మరీ క్రేట్, గిగాబైట్ కంట్రోల్ సెంటర్, ఎంఎస్ఐ సెంటర్ గురించి విస్తరించి చెప్పవలసింది తక్కువ. దీపాల రంగులు, ప్రకటనలు, అప్‌డేట్లు, ఫ్యాన్లు అన్నీ ఒకే మూటగా కట్టి, తీసివేసినా సేవలను వెనుక వదిలి వెళ్లడం వీటి ఉమ్మడి లక్షణం. 2023 మే నెలలో ఎక్లిప్సియం బయటపెట్టిన సంగతి ఇంతకన్నా తీవ్రమైంది: రెండు వందలకు పైగా గిగాబైట్ బోర్డు మోడళ్ల ఫర్మ్‌వేరే, యజమాని ఏదీ ఇన్‌స్టాల్ చేయకున్నా, విండోస్ మొదలయ్యేటప్పుడు ఒక ప్రోగ్రామును లోపల పెట్టి నెట్ నుంచి ఉపకరణాన్ని దింపుకునేలా చేస్తోంది, దింపుకునే చిరునామాల్లో ఒకటి రక్షణ లేని మార్గంలో ఉంది. సంస్థ వెంటనే సవరణలు విడుదల చేసింది.

నడుస్తున్న యంత్రం మీద ఓల్టేజి మార్చే ఉపకరణాల్లో ఇంటెల్ ఎక్స్‌టీయూ, ఏఎండీ రైజెన్ మాస్టర్ ప్రాసెసర్ తయారీదారులవే కావడం వల్ల వాటి అంకెల మీద భాష్యం తగాదా తక్కువ. ఓల్టేజి తగ్గించి వేడి తగ్గించుకునే అండర్‌వోల్టింగ్ నిజానికి చాలామందికి ఓవర్‌క్లాకింగ్ కన్నా పనికొచ్చే విద్య. 2019 డిసెంబరులో బర్మింగ్‌హామ్, గ్రాజ్, లూవెన్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు ప్లండర్‌వోల్ట్ పేరుతో, సాఫ్ట్‌వేర్ ద్వారా ఓల్టేజిని తగ్గించి ప్రాసెసర్ చేత తప్పు లెక్కలు చేయించి రహస్యాలను రాబట్టవచ్చని నిరూపించారు. దానితో ఇంటెల్ ఆ తలుపును బయోస్ నుంచే మూసే వీలు కల్పించింది. ఎన్నో యంత్రాల్లో, ముఖ్యంగా ల్యాప్‌టాప్‌లలో, ఆ సదుపాయం ఒక్క అప్‌డేట్‌తో మాయమైంది.

ఇటీవలి రెండు ప్రమాదాలు వాడుకరి ట్యూనింగ్ కన్నా బోర్డు సొంత నిర్ణయాల మీద దృష్టి మళ్లించాయి. 2023 ఏప్రిల్‌లో రైజెన్ 7 7800ఎక్స్3డీ ప్రాసెసర్లు సాకెట్‌లోనే కాలి ఉబ్బిన ఫొటోలు వెలువడిన తరువాత, మెమరీ వేగం పెంచే ప్రొఫైల్‌ను ఎంచుకుంటే కొన్ని బోర్డులు ఎస్ఓసీ ఓల్టేజిని, అంటే ప్రాసెసర్‌లోని మెమరీ నియంత్రకం వంటి భాగాలకు అందేదాన్ని, తమంతట తామే అతిగా పెంచుతున్నట్టు తేలింది. ఏఎండీ ఆ ఓల్టేజికి 1.3 ఓల్టుల దగ్గర అడ్డుకట్ట వేసింది. 2024లో ఇంటెల్ 13, 14వ తరం ప్రాసెసర్ల అస్థిరతకు, మైక్రోకోడ్ లోపం వల్ల ప్రాసెసర్ అవసరానికి మించిన ఓల్టేజి కోరడం ప్రధాన కారణమని సంస్థ ఒప్పుకుని వారంటీని రెండేళ్లు పొడిగించింది. పవర్ హద్దులను బోర్డులు అప్రమేయంగానే ఎత్తివేసి ఉంచడం ఆ గొడవలోనే అందరి కంటా పడింది. ఇటువంటి చోట ట్యూనింగ్ అంటే పెంచడం కాదు, తయారీదారు అత్యుత్సాహాన్ని బయోస్‌లోకి వెళ్లి తగ్గించడం. ఆ మార్పు బయోస్‌లో చేసి, దాని ఫలితాన్ని ఆపరేటింగ్ సిస్టంలో ఒకే ఒక్క పర్యవేక్షణ ప్రోగ్రాముతో చూసుకోవడమే ప్రస్తుత పరిస్థితుల్లో నమ్మదగిన పద్ధతి.

తెలుగు ప్రాంతాల్లో ఈ అంకెలను చదివేటప్పుడు ఒక సవరణ తప్పనిసరి. విదేశీ సమీక్షల్లోని ఉష్ణోగ్రతలు సాధారణంగా 20 నుంచి 25 డిగ్రీల గదిలో తీసినవి. కూలర్ చేసేది ప్రాసెసర్‌కూ గది గాలికీ మధ్య తేడాను అదుపులో ఉంచడమే. గది వేడెక్కితే ప్రాసెసర్ వేడి కూడా ఇంచుమించు అన్ని డిగ్రీలూ పైకి లేస్తుంది. 22 డిగ్రీల గదిలో 72 దగ్గర నిలిచిన ప్రాసెసర్, మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో 42 డిగ్రీల గదిలో 92కు చేరడం లోపం కాదు, కూడిక. 95 డిగ్రీల హద్దు గల ప్రాసెసర్‌కు అప్పుడు మిగిలేది మూడు డిగ్రీలే. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో విడిభాగాలు కొని బిగించుకున్న యంత్రానికి డిసెంబరులో గీసిన ఫ్యాను రేఖ వేసవికి చాలదు. ఫ్యాను రేఖ అంటే ఏ ఉష్ణోగ్రతకు ఎంత వేగమో చెప్పే గీత. దాన్ని కేవలం నిటారుగా గీస్తే, ప్రాసెసర్ వేడి క్షణక్షణానికీ ఎగసి పడుతుంటే ఫ్యాన్లు కూడా గుర్రుమంటూ లేచి పడుతుంటాయి. వేడి కొన్ని డిగ్రీలు దిగేదాకా వేగం తగ్గించకుండా ఆపే విరామాన్ని కూడా అమర్చుకోవాలి. బయోస్‌లు ఈ సదుపాయాన్ని ఇస్తున్నా, క్యాబినెట్ ఫ్యాన్‌ను గ్రాఫిక్స్ కార్డు వేడికి ముడిపెట్టడం వాటికి సాధ్యం కాదు; ఫ్యాన్ కంట్రోల్ వంటి ప్రోగ్రాములకు ఉన్న అసలైన ప్రయోజనం అక్కడే ఉంది.

లినక్స్ పద్ధతి ఈ మొత్తం వ్యవహారానికి వేరొక నమూనా. చిప్‌ను చదివే డ్రైవర్ కెర్నల్‌లోనే భాగమై, పదుగురి పరిశీలన దాటి వస్తుంది. మామూలు ప్రోగ్రాముకు పోర్టులతో పని లేకుండా ఉష్ణోగ్రత ఒక ఫైలులో 45000 అని, అంటే డిగ్రీలో వెయ్యో వంతుల లెక్కన, కనిపిస్తుంది. ఆ ఫైలును చదివే హక్కు అందరికీ ఉంటుంది, ఫ్యాను వేగం రాసే హక్కు నిర్వాహకుడికే ఉంటుంది. చూడటం, మార్చటం నిజంగా విడివడిన చోటు ఇదొక్కటే. అయితే ఐటీఈ కొత్త చిప్‌ల వివరపత్రాలు బహిరంగంగా దొరకవు గనుక, వాటి డ్రైవర్ అధికారిక కెర్నల్‌కు బయట ఔత్సాహికుల చేతుల మీదుగా నడుస్తోంది. ఆ చిప్ ఉన్న కొత్త బోర్డు మీద సెన్సర్స్ అనే ఆదేశం ఇస్తే, ప్రాసెసర్ వేడి మాత్రం వచ్చి, ఫ్యాన్ల వరుస తరచు ఖాళీగానే ఉంటుంది.